పిడుదుల మందు ఎలా పనిచేస్తుంది?

కువైట్‌లోని అమ్ఘరా పేరు వినగానే పాత ఇనుము యార్డులు గుర్తొస్తాయి. అక్కడ పనిచేసే కడప జిల్లా మిత్రుడొకరు ఈ మధ్య ఫోన్ చేసి, యార్డులో కుక్కకు పిడుదులు పోవడానికి తెచ్చిన పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి కూడా వేయొచ్చా అని అడిగారు. అస్సలు వద్దన్నాను. ఎందుకో తెలియాలంటే ఆ మందు పనితీరు చూడాలి.

పురుగుకైనా మనకైనా నరాల్లో సంకేతాలు నడిచేది కణాల గోడల్లో ఉండే చిన్న గేట్ల వల్ల. సోడియం గేటు తెరుచుకుంటే సంకేతం పుడుతుంది, క్లోరైడు గేటు తెరుచుకుంటే అణుగుతుంది. పెర్మెత్రిన్ సోడియం గేటును సరిగా మూసుకోనివ్వదు. మన భాషలో, ఆగని లూప్ అన్నమాట! ఫిప్రోనిల్ క్లోరైడు గేటుకు అడ్డం పడుతుంది, అంటే బ్రేకు తీసేస్తుంది. ఎలాగైనా పురుగు వణికి, చచ్చుబడి చస్తుంది.

మరి కుక్కకేమీ కాదా? ఫిప్రోనిల్ పురుగుల గేట్లకు అతుక్కున్నంత గట్టిగా కుక్క గేట్లకు అతుక్కోదు. మెడ మీద వేసిన చుక్కలు చర్మపు నూనెతో కలిసి ఒళ్ళంతా పాకి, నూనె గ్రంథుల్లో నిలవుండి వారాల తరబడి పనిచేస్తాయి. ఇక పెర్మెత్రిన్‌ను కుక్క కాలేయం త్వరగా విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి బాగా తక్కువ. అందుకే కుక్కల కోసం అమ్మే గాఢమైన పెర్మెత్రిన్ పిల్లికి మూర్ఛలు తెప్పించి, ప్రాణమే తీయవచ్చు.

నమిలే బిళ్ళలూ ఉన్నాయి. అమెరికాలో అఫోక్సొలానర్‌కు 2013లో, ఫ్లూరలానర్‌కు 2014లో అనుమతి వచ్చింది. ఇవి రక్తంలో ఉంటాయి కనుక, పిడుదు కుట్టి తాగాకే చస్తుంది. కొన్ని జంతువుల్లో వణుకు, మూర్ఛ రావచ్చని 2018లో అక్కడి ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది. ఇదివరకే మూర్ఛలుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒక్కసారి వేస్తే సరిపోతుందా? సరిపోదు. ఎర్లికియా జ్వరాన్ని మోసుకొచ్చే గోధుమరంగు కుక్క పిడుదు, కడుపు నిండా తాగి దిగిపోయి గోడ పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. గెంతే ఫ్లీల గుడ్లేమో నేలమీద రాలి పెరుగుతాయి. గూడు కట్టుకున్న దశలో వాటికి మందు సరిగా తగలదు. కాబట్టి చీటీలో రాసిన గడువు ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయాలి, జంతువు పడుకునే చోటు, పగుళ్ళు శుభ్రం చేయాలి.

కొనేముందు డబ్బా మీద ఏ జంతువుకో, ఎంత బరువుకో చదవండి. పొలానికి కొట్టే మందు మాత్రం ఏ జంతువు ఒంటికీ పూయకండి.