దీవి ఎవరిది? దూరం తేల్చదు, చరిత్ర తేలుస్తుంది

పాలకుర్తి, తొర్రూరు ప్రాంతాల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు డీగో గార్సియా, కచ్చతీవు, కోకో దీవులు కొత్త పేర్లు కావు. కరెంట్ అఫైర్స్‌లో ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటాయి. చిక్కేమిటంటే, పుస్తకంలో చదివిన దానికంటే ఫోన్‌లో వచ్చిన కథే ముందుగా మనసులో నాటుకుంటోంది. అలాంటి కథల్లో బాగా ప్రచారంలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఉష్ణమండల దీవులన్నీ ఒకే రకం. ఇసుక, కొబ్బరిచెట్లు, చుట్టూ సముద్రం.

వాస్తవం: పుట్టుకలోనే తేడా ఉంది. మయన్మార్‌లోని అరకాన్ కొండల వరుస సముద్రం కింద సాగి, మళ్లీ పైకి తేలిన శిఖరాలే అండమాన్ దీవులు. అక్కడి శాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లు. మారిషస్ అగ్నిపర్వతాల లావాతో ఏర్పడింది. లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ పగడపు దీవులు. చాగోస్ దీవుల్లో పెద్దదైన డీగో గార్సియా నేల చాలాచోట్ల సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. వీటికీ మన నేలకూ ఒక బంధుత్వం ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను లావాతో ముంచెత్తిన భూగర్భ వేడి కేంద్రమే, భూఫలకం ఉత్తరానికి జరుగుతున్న కొద్దీ మాల్దీవులు, చాగోస్‌ల అడుగు రాతినీ, తర్వాత మారిషస్‌నూ నిర్మించిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి ఆ లావాదే.

అపోహ: దీవి ఒకసారి ఏర్పడితే శాశ్వతంగా ఉంటుంది.

వాస్తవం: 1970 నాటి భోలా తుపాను తర్వాత గంగా డెల్టా ముఖద్వారం దగ్గర ఒక ఇసుక దిబ్బ బయటపడింది. భారత్ దాన్ని న్యూ మూర్ అంది, బంగ్లాదేశ్ దక్షిణ తాల్‌పట్టి అంది. ఏళ్ల తరబడి రెండు దేశాలూ మాదంటే మాదని వాదించుకున్నాయి. 2010 నాటికి దిబ్బే నీట మునిగిపోయింది. ఆ సముద్ర సరిహద్దును 2014 జులైలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ తేల్చింది.

అపోహ: దీవి ఏ దేశానికి దగ్గరగా ఉంటే ఆ దేశానిదే.

వాస్తవం: ఇదే నియమమైతే అండమాన్ మనకు దక్కేది కాదు. విశాఖపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు 1,200 కిలోమీటర్ల ఓడ ప్రయాణం. అండమాన్ ఉత్తర కొనకు మయన్మార్ తీరం అంతకంటే చాలా దగ్గర. అయినా ఆ దీవులు మనవే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చాగోస్‌కు దగ్గరి దేశం మాల్దీవులు, దూరం 500 కిలోమీటర్లు. మారిషస్ 2,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా హక్కు మారిషస్‌కే బలంగా నిలిచింది. ఎవరి పాలనలో ఉండేది, ఏ ఒప్పందం జరిగింది, ఎలా విడదీశారు అన్నవే న్యాయస్థానాలు చూసేవి.

అపోహ: కోకో దీవులను నెహ్రూ బర్మాకు దానం చేశారు.

వాస్తవం: బ్రిటిష్ కాలంలోనే అవి బర్మా పాలన కిందికి వెళ్లాయి. 1937లో బర్మాను ఇండియా నుంచి వేరు చేసినప్పుడు బర్మాతోనే ఉన్నాయి. అప్పటికి నెహ్రూ ప్రధాని కాదు, మనకు స్వాతంత్ర్యమూ రాలేదు. 1986లో భారత్, బర్మా సముద్ర సరిహద్దు ఒప్పందం చేసుకున్నాయి.

అపోహ: 1974లో కచ్చతీవును వదులుకోగానే మన జాలర్ల హక్కులన్నీ పోయాయి.

వాస్తవం: 285 ఎకరాల ఈ దీవి మీద రెండు ఒప్పందాలను కలిపి చూడాలి. 1974 ఒప్పందం దీవిని శ్రీలంక వైపు ఉంచుతూనే, భారత జాలర్లు, యాత్రికులు అక్కడికి వెళ్లిరావచ్చని చెప్పింది. ఒక దేశం జాలర్లు మరో దేశపు జలాల్లో చేపలు పట్టకూడదన్న నిబంధన 1976లో జరిగిన ఉత్తరాల మార్పిడితో వచ్చింది. అక్కడి అంతోనియార్ చర్చి ఉత్సవానికి ఇప్పటికీ మన దేశం నుంచి భక్తులు వెళ్తారు.

అపోహ: చాగోస్ ఎప్పుడూ నిర్మానుష్యమే, అందుకే అక్కడ సైనిక స్థావరం కట్టారు.

వాస్తవం: అన్నిటికంటే క్రూరమైన అబద్ధం ఇదే. 18వ శతాబ్దం చివర కొబ్బరితోటల కోసం ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలను తెచ్చారు. తర్వాత దక్షిణ భారత కూలీలు వచ్చారు. తరతరాలుగా అక్కడే పుట్టి, అక్కడే సమాధుల్లో చేరిన జనం వాళ్లు. 1965 నవంబరులో బ్రిటన్ 30 లక్షల పౌండ్లిచ్చి చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసింది. మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్లకు పైగా ముందే ఇది జరిగింది. అమెరికా స్థావరానికి చోటు కోసం 1968, 1973 మధ్య 1,500 మందికి పైగా నివాసులను మారిషస్, సీషెల్స్‌లకు తరలించారు. వాళ్ల పెంపుడు కుక్కలను చంపించారు. స్థిర నివాసులే లేరని, ఉన్నవాళ్లు కాంట్రాక్టు కూలీలేనని ప్రపంచానికి చెప్పారు.

చాకలి ఐలమ్మ తాను సాగుచేసే కౌలు భూమిని విసునూరు దేశ్‌ముఖ్‌కు వదలకుండా నిలబడింది పాలకుర్తిలోనే. చెమటోడ్చిన మనిషిని కాగితం మీద లేకుండా చేయడమంటే ఏమిటో మన నేలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అపోహ: చాగోస్ గొడవతో తెలుగువాళ్లకు సంబంధం లేదు.

వాస్తవం: 1830ల నుంచి కోరంగి రేవు మీదుగా తెలుగు కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. వాళ్ల వారసులు ఈనాటికీ ఉగాది జరుపుకుంటారు, అక్కడ అది సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. చాగోస్ హక్కు ఆ దేశ పౌరులుగా వాళ్లది కూడా.

అపోహ: అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పుతో అంతా ముగిసింది.

వాస్తవం: 2019 ఫిబ్రవరి 25న వచ్చింది సలహా అభిప్రాయం. చాగోస్‌ను విడదీయడం చట్టవిరుద్ధమని న్యాయమూర్తులు 13–1తో చెప్పారు కానీ, దానికి నేరుగా అమలుచేయించే శక్తి లేదు. ఆ ఏడాది మేలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 116 ఓట్లతో మారిషస్‌ను సమర్థించింది. ఆ ఓట్లలో భారత్‌ది ఒకటి. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. సార్వభౌమాధికారం మారిషస్‌ది, డీగో గార్సియా మాత్రం 99 ఏళ్ల లీజుకు బ్రిటన్ చేతిలో ఉంటుందన్నది సారాంశం. రెండు దేశాలూ ఆమోదిస్తేనే అది అమల్లోకి వస్తుంది. మిగతా దీవుల్లో పునరావాసం కల్పించే వీలు మారిషస్‌కు ఉంది. కానీ మమ్మల్ని సరిగా అడగకుండానే మా నేల సంగతి తేల్చారని నిర్వాసితుల్లో చాలామంది ఆవేదన.

పరీక్షకు చదివే పిల్లలకు ఒక్క మాట. సంవత్సరాలు, విస్తీర్ణాలు తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఎవరో దీవిని ఇచ్చేశారన్న మెసేజ్ వస్తే పంపే ముందు ఒప్పందం తేదీ వెతకండి. దీవి ఎవరిదని వాదించే ముందు అక్కడ బతికినవాళ్లు ఎవరో తెలుసుకోండి. వాళ్లను లెక్కలోకి తీసుకోని వాదన ఏ దేశం చేసినా అది సగం నిజమే.