అరియలూరు రాయి, నోవహు ఓడ

మా మామ లారీ నడుపుతాడు. అరియలూరు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి చెన్నైకి లోడు తెస్తుంటాడు. ఒకసారి ట్రిప్పుకెళ్లి వస్తూ నాకోసం ఒక రాయి పట్టుకొచ్చాడు. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, తిప్పి చూస్తే నత్తగుల్లలాగా చుట్టలు చుట్టలుగా గీతలు. మీ ఇళ్లల్లో పూజగదిలో సాలగ్రామం ఉన్నవాళ్లకి వెంటనే తెలుస్తుంది. గండకీ నదిలో దొరికే సాలగ్రామమూ, అరియలూరు పొలాల్లో దొరికే ఈ రాయీ ఒక జాతివే. రెండూ అమ్మోనైటు అనే సముద్రజీవి శిలాజాలు. కాకపోతే సాలగ్రామం వయసులో పెద్దది.

నేను మా తెలుగు చర్చిలో సండే స్కూల్లో చిన్నపిల్లలకి పాఠం చెప్తాను. నోవహు పాఠం వచ్చిన ఆదివారం ఆ రాయి తీసుకెళ్లాను. "చూడండి, సముద్రం కంటికి కూడా కనపడని ఊళ్లో సముద్రపు నత్త దొరికింది. జలప్రళయం జరిగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నాను. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూశారు. ఒక్కడు మాత్రం చెయ్యెత్తాడు. తొమ్మిదేళ్లవాడు. "అక్కా, అది నీళ్లల్లో బతికేదే కదా? నీళ్లొస్తే ఎందుకు చచ్చిపోయింది?"

"తరవాత చెప్తా" అన్నాను. అదుగో, ఆ తరవాత కోసం వెతికినదే ఈ వ్యాసం.

ముందు బైబిలే తెరిచాను. ఆదికాండము ఏడో అధ్యాయంలో చనిపోయినవి పొడినేల మీద ఊపిరి పీల్చే ప్రాణులే. చేపల మాట అక్కడ లేదు. అంటే నేను సాక్ష్యంగా చూపించిన రాయికి నేను చెప్పిన కథలోనే చోటు లేదు! ఆ పిల్లాడు నాకంటే జాగ్రత్తగా విన్నాడన్నమాట.

తరవాత అరియలూరు నేల సంగతి చదివాను. కారై అనే ఊరి దగ్గర బంకమట్టి పొరలున్నాయి. వాటి వయసు సుమారు పది కోట్ల ఏళ్లు. అమ్మోనైట్లు, తూటాల్లా ఉండే బెలెమ్నైట్లు అక్కడ దొరుకుతాయి. వాటికన్నా పైన, అంటే తరవాతి కాలానివి, కల్లంకురిచ్చి సున్నపురాయి పొరలు. అందులో పెద్ద పెద్ద ఆల్చిప్పలు గుట్టలుగా ఉంటాయి. దానికీ పైన కల్లమేడు పొరలు. అవి సముద్రంవి కావు, నది తెచ్చి పోసిన ఇసుక, మట్టి. అక్కడ డైనోసార్ల ఎముకలు దొరికాయి. ఇంకా పైన నినియూరు దగ్గర మళ్లీ సముద్రపు పొరలు. ఈసారి ఒక్క అమ్మోనైటూ లేదు, ఎందుకంటే అప్పటికి అవి భూమ్మీద అంతరించిపోయాయి.

ఒక్కసారి ఊహించండి. సముద్రం వచ్చింది, ఆల్చిప్పలు తరతరాలుగా పుట్టి పెరిగి చచ్చి గుట్ట పడ్డాయి. సముద్రం వెనక్కి పోయింది, నది పారింది, దాని ఒడ్డున డైనోసార్లు తిరిగాయి. మళ్లీ సముద్రం వచ్చింది. ఒకే ఏడాది వరద అయితే ఇవన్నీ కలగాపులగంగా ఒకే చోట ఉండాలి గదా! మనం వరదలు చూడనివాళ్లమా? చెన్నైలో 2015 వరద తీశాక వీధిలో మిగిలింది ఒండ్రు, చెప్పులు, గిన్నెలు, కొమ్మలు, అన్నీ కలిసిన ఒకే ఒక బురద పొర. అరలు అరలుగా సర్దిపెట్టి పోలేదు.

నీళ్ల లెక్క కూడా వేసి చూశాను. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. భూగోళం మొత్తాన్ని అంత ఎత్తున ముంచాలంటే ఇప్పుడున్న మహాసముద్రాలన్నిటికన్నా మూడు రెట్ల పైచిలుకు నీరు అదనంగా కావాలి. ఆకాశంలో ఉన్న తేమ మొత్తం ఒక్కసారి కురిసినా భూమ్మీద నిలిచేది రెండున్నర సెంటీమీటర్లే. అప్పట్లో కొండలు పొట్టివి, వరద తరవాతే లేచాయి అని కొందరు జవాబిస్తారు. సరే, అదీ చూద్దాం. ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిల్లోని వంశావళులు కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో, జలప్రళయం క్రీ.పూ. 2348లో జరిగాయని 1650 ప్రాంతంలో లెక్క కట్టాడు. ఆ లెక్కన హిమాలయాలు ఏడాదికి రెండు మీటర్ల చొప్పున పెరిగి ఉండాలి. అవి నిజంగా పెరిగేది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. పైగా అదే కాలంలో మొహెంజొదారోలో జనం స్నానాలు చేస్తూ, ఇటుకలు పేరుస్తూ ఏ అంతరాయమూ లేకుండా బతుకుతున్నారు.

ఇదంతా చదువుతుంటే డార్విన్ వచ్చి పాపం విశ్వాసుల నోరు మూయించాడని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ప్రపంచవ్యాప్త వరద అనే మాటను ముందుగా వదులుకున్నది పాదిరీలే! ఆక్స్‌ఫర్డులో భూగర్భశాస్త్రం చెప్పిన విలియం బక్‌లాండ్ చర్చి గురువు. 1823లో గుహల్లో దొరికిన ఎముకలు నోవహు వరదకి ఆనవాళ్లని పుస్తకమే రాశాడు. 1836కల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. కేంబ్రిడ్జిలో ఆడమ్ సెడ్జ్‌విక్, ఆయనా గురువే, 1831లో భూగర్భ సంఘం సభలో నిలబడి తాను పొరపడ్డానని బాహాటంగా ఒప్పుకున్నాడు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. నాకు ఆ సెడ్జ్‌విక్ మీద గౌరవం కలిగింది. నలుగురిలో "నేను చెప్పింది తప్పు" అనడం ఎంత కష్టమో తొమ్మిదేళ్ల పిల్లాడి ముందు నిలబడ్డాక తెలిసింది నాకు.

సృష్టి సంగతికి వస్తే, ఆరు దినాలంటే ఆరు యుగాలు అని సర్దిచెప్పేవాళ్లున్నారు. మా చర్చిలోనూ అలాగే అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ వరస కుదరదు. ఆదికాండములో చెట్లు మూడో రోజు, సూర్యుడు నాలుగో రోజు. పక్షులు ఐదో రోజు, నేలమీది జంతువులు ఆరో రోజు. రాళ్లలో దొరికే వరస వేరు. నేల జంతువులు ఎప్పుడో వచ్చేశాయి, పక్షులు చాలా తరవాత. దినాన్ని ఎంత సాగదీసినా ముందుది వెనక్కి పోదు కదా. అంతెందుకు, రెండో అధ్యాయంలో వరస మళ్లీ మారుతుంది. అక్కడ ముందు మనిషి, తరవాత జంతువులు. రెండు వరసల్నీ పక్కపక్కనే పెట్టి ఊరుకున్నారంటే, ఆ పుస్తకం కూర్చినవాళ్లకే వరస ముఖ్యం కాదని నాకనిపిస్తుంది. సూర్యుడు లేకుండా సాయంత్రమూ ఉదయమూ ఎలా వచ్చాయని మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అడిగాడు. ఈ దినాలు మనమెరిగిన దినాలు కావని అగస్టీన్ రాసి పదహారు వందల ఏళ్లయింది. వీళ్లెవరూ నాస్తికులు కారు.

మరి ఆ కథలు ఎందుకు రాసినట్టు? ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగింది. 1872 డిసెంబరులో జార్జ్ స్మిత్ అనే ఆయన, మొదట నోట్ల అచ్చులు చెక్కే పనివాడు, లండన్లో ఒక సభలో బాబిలోనియా మట్టిపలక చదివి వినిపించాడు. గిల్గమేష్ కావ్యంలో పదకొండో పలక అది. అందులో ఒక దేవుడు ఒక మనిషిని హెచ్చరిస్తాడు, ఆ మనిషి ఓడ కడతాడు, నీళ్లు తీశాక పావురాన్ని, వానకోవిలని, కాకిని వదులుతాడు. నోవహు కూడా కాకిని, పావురాన్ని వదిలాడు. కథ ఒకటే, తేడా లోపల ఉంది. ఆ బాబిలోనియా కథకి ఇంకా పాతరూపం ఒకటుంది. అందులో మనుషుల గోల భరించలేక, నిద్ర పట్టక దేవుడు వరద పంపుతాడు. ఆదికాండములో కారణం మనుషులు ఒకరిపై ఒకరు చేసే హింస. పక్కవాళ్లు చెప్పుకునే కథనే తీసుకుని, దేవుడు అలాంటివాడు కాదయ్యా అని తిరిగి చెప్పారన్నమాట. సూర్యచంద్రుల్ని పేరుపెట్టి పిలవకుండా పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అనడం కూడా అందుకేనంటారు. చుట్టుపక్కల ఆ పేర్లు దేవుళ్ల పేర్లు మరి.

మన డిపార్టుమెంటు వాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. శతపథ బ్రాహ్మణంలో మనువు చేప కథ, భాగవతం అష్టమ స్కంధంలో మత్స్యావతారం మనం చదువుకున్నవే. సత్యవ్రతుడు ద్రవిడ దేశపు రాజు, చేప అతని దోసిట్లోకి వచ్చింది కృతమాలా నదిలో. అది మదురై వైగై నదేనంటారు. అంటే ఒక ప్రళయ కథ మనం ఉన్న ఈ తమిళనాట్లోనే మొదలైంది. క్లాసులో ఆ ఘట్టం చదివినప్పుడు వైగైలో చేప ఎముకలు తవ్వి చూద్దామని ఎవరూ అనలేదు. బైబిల్ని తెలుగు చేసినవాళ్లు కూడా నోవహు వరదకి ఎంచుకున్న మాట 'జలప్రళయము'. పురాణాల నుంచి తీసుకున్న మాటే అది.

ఇంట్లో ఇదంతా చెప్తే మా అవ్వ, "అయితే దేవుడి మాట అబద్ధమంటావా నువ్వు?" అంది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆమె చిన్నప్పుడు తూర్పుచీకట్లోనే లేచి ఆ పుస్తకం పెట్టుకునే అక్షరాలు నేర్చుకుంది. ఆమెతో వాదించి గెలవాలని నాకు లేదు. అబద్ధం కాదవ్వా, ఆ పుస్తకం భూగర్భశాస్త్రం చెప్పడానికి రాలేదు అన్నాను. "ఆ మాటేదో పిల్లల దగ్గర జాగ్రత్తగా చెప్పు" అంది. చర్చిలో ఒక పెద్దాయన మాత్రం ఇలాంటివి చెప్పేటట్టయితే క్లాసు వేరేవాళ్లకిస్తామన్నారు. ఇంకా ఇవ్వలేదు.

పోయిన ఆదివారం రాయి మళ్లీ తీసుకెళ్లాను. ఆ పిల్లాణ్ణి పిలిచి, "ఇది వరదలో చావలేదురా, వరదకి చాలా ముందుది. ఆరోజు నేను తప్పు చెప్పాను" అన్నాను. వాడు రాయి అటూ ఇటూ తిప్పి, "ఎంత ముందుదక్కా?" అన్నాడు. పది కోట్లకి సున్నాలెన్నో బోర్డు మీద వేసి చూపించాను. ఎనిమిది. వాడు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.