ముందు ఏ పని?

ప్రజ్ఞాపూర్ పేరు వినగానే మనకు గీతలోని స్థితప్రజ్ఞుడు స్ఫురించును. ఊరికి ఆ పేరెట్లు వచ్చినదో అటుంచుదము. రాజీవ్ రహదారి నుండి గజ్వేలు బాట చీలు ఆ కూడలిలో ఒక రైతును ఊహింతము. తల్లికి మూడు దినముల జ్వరము, కాలిపోయిన బోరుమోటారు, కుమారుని ఫీజు, కొమురవెల్లి మల్లన్న మొక్కు. నాలుగును ఒక్కసారే తలచుటచే కాలు కదలదు.

అర్జునునకును కులనాశము, పాపము, నరకము ఒక్కుమ్మడిగా తోచి గాండీవము జారినది. రెండవ అధ్యాయము 41వ శ్లోకమున భగవానుడు నిశ్చయబుద్ధి ఒక్కటియే యనియు, నిశ్చయము లేనివారి బుద్ధులు అనేక శాఖలుగా చీలుననియు తెలిపెను. అది కర్మయోగమునకు చెప్పినదే. అయినను మన సంసారమునకును అన్వయించును.

ఆలస్యమును సహింపనిది తల్లి జ్వరము. ముందుగా ఆమెను గజ్వేలు వైద్యుని యొద్దకు చేర్చవలెను. మోటారు రేపటిది. మొక్కు? మల్లన్నకు తొందర లేదు. వైద్యుని గుమ్మము వద్ద కూర్చున్నప్పుడు మోటారు మరల తలపునకు వచ్చును. దానిని కసరక, తల్లి నుదుటిపై చేయి వేసి చూడవలెను.