టీవీలో సాహసం... గుమ్మంలో వరద!

రాత్రి భోజనాలయ్యాక టీవీ పెడితే చాలు. ఎవరో ఒకాయన హెలికాప్టర్లోంచి దూకుతుంటాడు. బురదలో పొర్లుతాడు, పురుగుల్ని కరకరా నమిలేస్తాడు, ఆ పైన చెప్పుకోలేనివి కూడా తాగేస్తాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. "మనకే ఇలా అయితే ఏం చేస్తాం నాన్నా?" అని అడిగితే శ్రీవారు రిమోట్ తిప్పుతూ "నేనున్నాగా!" అని భరోసా ఇచ్చేస్తారు. (గ్యాస్ రెగ్యులేటర్ ఎటు తిప్పితే ఆగుతుందో తెలియని మహానుభావులు కూడా!)

సరే, అడవి సంగతి అలా ఉంచండి. మనలో ఎంతమందిమి అడవిలో తప్పిపోతాం? మనకొచ్చే ఆపదలు వేరు. అర్ధరాత్రి వాగు పొంగి వీధిలోకి వస్తుంది. తుపాను గాలికి కరెంటు స్తంభాలు కూలతాయి. ఫ్యాక్టరీలోంచి గ్యాస్ లీకవుతుంది. మరి నగరంలో వచ్చే ఆపదల మీద తీసిన టీవీ కార్యక్రమాలు ఎంతవరకు నిజం? వాటిని చూసి నేర్చుకోవచ్చా, లేక సీరియల్‌లాగా చూసి మర్చిపోవాలా?

ఈ తరహా కార్యక్రమాలకు ఊపు తెచ్చినవాడు బేర్ గ్రిల్స్. 2006లో మొదలైన 'మ్యాన్ వర్సెస్ వైల్డ్' మన ఇళ్లలో కూడా తెలిసిన పేరే. 2019లో ప్రధాని మోదీ ఆయనతో జిమ్ కార్బెట్ అడవిలో నడిచారు, 2020లో రజనీకాంత్ బందీపూర్‌లో కనిపించారు. అయితే 2007లోనే ఒక గొడవ బయటపడింది. అడవిలో ఒంటరిగా గడిపినట్టు చూపించిన కొన్ని రాత్రులు ఆయన హాయిగా హోటల్లో పడుకున్నారట! ఆ తర్వాత నుంచి కొన్ని సన్నివేశాలు ముందే ఏర్పాటు చేసినవని తెరమీద రాయడం మొదలుపెట్టారు. ఆయనే 2010లో 'వరస్ట్ కేస్ సినారియో' పేరుతో నగర ప్రమాదాల మీదా ఒక కార్యక్రమం చేశారు.

మన ప్రశ్నకి సూటిగా తగిలేది మాత్రం 'ది కాలనీ'. డిస్కవరీ వాళ్లు 2009లో, 2010లో రెండు విడతలుగా తీశారు. ఊహ ఏమిటంటే, మహమ్మారి వచ్చి లోకం తలకిందులైపోయింది, ప్రభుత్వం లేదు, కరెంటు లేదు, నీళ్లు లేవు. లాస్ ఏంజెలిస్‌లో ఒక పాడుబడ్డ గిడ్డంగిలో పదిమంది వాలంటీర్లని వదిలి, బతకండి చూద్దాం అన్నారు.

నీళ్ల విషయంలో నూటికి తొంభై మార్కులు

వాళ్లని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. ఆ పదిమందికీ అన్నిటికంటే ముందు కావాల్సి వచ్చింది తిండీ కాదు, ఆయుధాలూ కాదు... నీళ్లు. పక్కనున్న నది నీళ్లు మోసుకొచ్చి, ఇసుక, బొగ్గు పొరల్లోంచి వడకట్టి, కాచి తాగారు. చూస్తుంటే మన చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో ఉండే మూడు కుండల ఫిల్టరు గుర్తుకు రాలేదూ! నిద్ర లేక, కడుపు నిండక ఒకరినొకరు విసుక్కోవడం, చిన్నదానికి పెద్ద గొడవలు పడటం... అవీ నిజమే. ఉమ్మడి కుటుంబంలో ఒక్కరోజు నీళ్లు రాకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఇక్కడో మెలిక ఉంది. ఇసుక, బొగ్గు వడపోతతో మురికి, వాసన తగ్గుతాయి గానీ రోగక్రిములన్నీ పోవు. అందుకే కాచడం తప్పనిసరి. బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం కాగాలి. పైగా ఊళ్లోకి వచ్చే వరద నీరు ఏటినీరులాంటిది కాదు. అందులో డ్రైనేజీ ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, పక్కవీధి వర్క్‌షాపు నూనె ఉంటుంది. ఆ రసాయనాలు కాస్తే పోయేవి కావు. కాబట్టి టీవీలో చూశాం కదా అని వరద నీటితో ప్రయోగాలొద్దు. వాన పెద్దదవుతోందని వినగానే ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, కుక్కర్లతో సహా మంచినీళ్లు పట్టి పెట్టుకోవడం వెయ్యి ఫిల్టర్ల పెట్టు. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లయినా లెక్కేసుకోండి. కనీసం మూడు రోజులకి.

దొంగలు ఏరీ?

'ది కాలనీ'లో ప్రతి కొన్ని రోజులకీ ఓ దుండగుల గుంపు వచ్చి మీద పడుతుంది. వాళ్లు నటులు. నిర్మాతలు పంపినవాళ్లు. మరి కార్యక్రమం రక్తి కట్టాలిగా! కానీ చూసేవాళ్ల మనసులో ఏం నాటుకుంటుంది? ఆపద వస్తే పక్కవాడే మొదటి శత్రువు అని.

నిజం సరిగ్గా దీనికి తలకిందులు. అమెరికాలో ఎన్రికో క్వారంటెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1963లో విపత్తుల పరిశోధనా కేంద్రం ఒకటి పెట్టి, దశాబ్దాల తరబడి భూకంపాలు, వరదలు, తుపానులు వచ్చిన ఊళ్లకి వెళ్లి జనం ఎలా ప్రవర్తిస్తారో చూశారు. పిచ్చెత్తినట్టు పరుగులు, లూటీలు అనుకున్నదానికంటే చాలా అరుదనీ, ఎక్కువమంది ముందు ఇంటివాళ్లని, తర్వాత పక్కవాళ్లని ఆదుకుంటారనీ వాళ్లు పదేపదే గమనించారు. 1995లో జపాన్‌లో కోబె భూకంపం వచ్చినప్పుడు శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవారిలో అత్యధికుల్ని తీసింది కుటుంబసభ్యులు, ఇరుగుపొరుగులే.

అంతదూరం ఎందుకు? 2005 జులై 26న ముంబయిలో శాంతాక్రూజ్ దగ్గర ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. రోడ్ల మీద చిక్కుకుపోయిన ముక్కూ మొహం తెలియనివాళ్లని ఇళ్లలోకి పిలిచి టీలిచ్చారు, పడుకోనిచ్చారు. 2015 డిసెంబరులో చెన్నై మునిగితే జాలర్లు తమ పడవలు వీధుల్లోకి తెచ్చారు. ఇక మన హైదరాబాద్ సంగతి... 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఒకే చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఒక్కచెట్టు మీద నూటయాభై మంది అంటే ఎంత సర్దుకుని ఉంటారో ఊహించండి! ఏ టీవీ వాళ్లూ దాన్ని తీయరు.

తెరమీద కనపడని మనుషులు

నన్ను అడిగితే ఈ కార్యక్రమాల్లో పెద్ద అబద్ధం దుండగులు కాదు. అందులో ఎవరు లేరో, అదీ అసలు అబద్ధం.

ఆ గుంపుల్లో ఇంజనీర్లు, మెకానిక్కులు, వైద్యం తెలిసినవాళ్లు... అందరూ కాళ్లూ చేతులూ బాగా ఆడేవాళ్లే. కట్టెల్లోంచి గ్యాసు తీసి ఇంజను నడిపించగల ఘనులు! పాలకేడ్చే పసిబిడ్డ లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అత్తగారు లేరు. పక్షవాతంతో మంచం పట్టిన మామగారు లేరు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, తొమ్మిదో నెల గర్భిణి... ఎవరూ లేరు. మరుగుదొడ్డి పొంగితే ఏం చేయాలో, ఆ రోజుల్లో ఉన్న ఆడపిల్ల నడుంలోతు నీళ్ల మధ్య ఏం చేయాలో ఎవరూ చూపించరు.

ఒక విషయం చెబితే మీకు మనసు కలుక్కుమంటుంది. 'ది కాలనీ' రెండో విడత తీసింది లూసియానాలోని చాల్మెట్ అనే చోట. 2005లో కత్రినా తుపానుకి పాడైపోయి ఖాళీగా మిగిలిన వీధుల్నే సెట్టింగుగా వాడుకున్నారు. అదే సెయింట్ బెర్నార్డ్ ప్రాంతంలో, అదే తుపానుకి ఒక వృద్ధాశ్రమంలో 35 మంది నీళ్లలో ప్రాణాలు వదిలారు. లూసియానాలో కత్రినాకి చనిపోయినవారిలో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవాళ్లే. బతకడం ఎలాగో నేర్పే కార్యక్రమం ఆ నేల మీద తీస్తూ, అక్కడ పోయినవాళ్లలాంటి మనిషిని ఒక్కరినీ కథలో పెట్టలేదు!

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీదికి వచ్చినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట జనానికి ఎదురైంది కత్తుల పోరాటం కాదు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు, చుట్టూ ఛాతీలోతు నీళ్లు, చేతిలో తాగే నీళ్లు లేవు. రోజులు గడిచినా నీళ్లు కదల్లేదు. డ్రోన్లతో, హెలికాప్టర్లతో పొట్లాలు అందించారు. కింది అంతస్తువాళ్లు పై అంతస్తు ఇళ్లలో, మేడల మీద తలదాచుకున్నారు. నీళ్లు పోయాక మొదలైంది అసలు పని: మోకాలిలోతు బురద, ఉబ్బిపోయిన మంచాలు, పాడైన ఫ్రిజ్‌లు, తడిసి ముద్దయిన సర్టిఫికెట్లు. టీవీలో ఎపిసోడ్ అయిపోగానే పాటొస్తుంది. ఇక్కడ చీపురు పట్టుకోవాలి.

విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కూడా గాలి ఒక్కరోజే. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, సెల్‌టవర్లు పనిచేయక, పాలకి, పెట్రోలుకి క్యూలు కట్టడం... అదీ విపత్తంటే. చాలావరకు ఎదురుచూడటమే. ఎదురుచూపుని టీవీలో చూపిస్తే ఎవరు చూస్తారు చెప్పండి?

కారు మునిగితే

హాలీవుడ్ సినిమాలూ, కొన్ని టీవీ కార్యక్రమాలూ ఒక సలహా ఇస్తుంటాయి. కారు నీళ్లలో పడితే లోపల పూర్తిగా నీళ్లు నిండేదాకా ఆగాలనీ, అప్పుడు తలుపు తేలిగ్గా తెరుచుకుంటుందనీ. లెక్కప్రకారం అది తప్పు కాదు. లోపలా బయటా ఒత్తిడి సమానమైతే తలుపు కదులుతుంది. 'మిత్‌బస్టర్స్' వాళ్లు చేసి చూపించారు కూడా. కానీ అంతసేపు ఊపిరి బిగబట్టి, భయం అణుచుకుని, వెనకసీట్లో పిల్లల్ని పెట్టుకుని ఆగగలమా? కెనడాలో మనిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యులు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ కార్లని నీళ్లలో ముంచి పరీక్షలు చేసి చెప్పింది వేరు. పడిన మొదటి నిమిషంలోనే పని అయిపోవాలి. ఎవరికీ ఫోన్ చేయకండి. సీటుబెల్టు విప్పండి, పక్క అద్దం దించండి, ముందు పిల్లల్ని తోసి మీరూ బయటపడండి. తలుపు జోలికి పోవద్దు.

అసలు ఆ నీళ్లలోకి కారు దించకపోతేనే మేలనుకోండి! వేగంగా పారే నీరు అరడుగు ఉంటే మనిషిని పడేస్తుంది, అడుగు ఉంటే చాలా కార్లని తోసుకుపోతుంది. ముంబయి వానలో అద్దాలు దిగక, తలుపులు రాక కార్లలోనే ఊపిరాడక పోయినవాళ్లున్నారు. "మన బండి ఎత్తుగా ఉంటుందిలే" అని శ్రీవారు అంటే ఈ పేజీ చూపించండి.

మన ఇంటికి పనికొచ్చేవి

టీవీ చూపించనివి కొన్ని ఇక్కడ చెప్పుకుందాం. నీళ్లు గుమ్మం దగ్గరికి రాకముందే మెయిన్ స్విచ్ ఆపేయండి. నీళ్లలో నిలబడి మాత్రం దాన్ని ముట్టుకోకండి. చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి కరెంటు వస్తూనే ఉంటుంది, పైగా బ్యాటరీ ఉండేది నేలమీదే. దాన్నీ ఆపాలి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి, ఖాళీ సిలిండరు ఉంటే కట్టిపడేయండి, నీళ్లలో తేలుతుంది. నీళ్లు పోయాక ఎలక్ట్రీషియన్ చూడందే స్విచ్ వేయొద్దు. జనరేటరు తెచ్చుకుంటే గదిలోనో, మూసిన బాల్కనీలోనో పెట్టకండి. దాని పొగకి వాసన తెలియకుండానే ప్రాణం పోతుంది.

గ్యాస్ లీకు సంగతి వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వ్యాపించి 12 మంది పోయారు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. అలాంటప్పుడు గాలి వీచే దారికి అడ్డంగా, ఎత్తు వైపు పోవాలి. ముక్కుకి తడిగుడ్డ కొంత నయమే గానీ అదేం మాస్కు కాదు, అది కట్టుకుని అక్కడే ఉండిపోకూడదు.

వరద తర్వాత వచ్చేవి వాంతులు, విరేచనాలు. ఓఆర్‌ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. కొలత తప్పొద్దు. ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకి ప్రమాదం.

మందుల చీటీ నకలు, రెండువారాల బీపీ, షుగరు మాత్రలు, పాపకి పాలపొడి, శానిటరీ న్యాప్‌కిన్లు, టార్చి, పాతకాలపు బ్యాటరీ రేడియో... ఒక సంచిలో వేసి అటకమీద పెట్టుకోండి. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టండి. ఫోను చచ్చిపోతే మనలో ఎంతమందికి కన్నకూతురి నంబరు నోటికొస్తుంది? ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా సుమారు నాలుగు వారాలు చల్లటి చోట నిలుస్తుంది. కొత్త మట్టికుండలో చిన్న గిన్నె పెట్టి, కుండ బయట తడిపిన గుడ్డ చుడితే సరిపోతుంది. నీళ్లు సీసాకి తగలకుండా చూసుకోండి.

ఇంకొక్కటి. మీ వీధిలో కింది వాటాలో ఒంటరిగా ఉండే మామ్మగారో, మంచంలో ఉన్న తాతగారో ఎవరున్నారో ఈ వానాకాలం మొదలవకముందే కనుక్కోండి. వాళ్లని పైకి ఎత్తుకెళ్లడానికి ఇద్దరు కుర్రాళ్లు, ఒక గట్టి కుర్చీ కావాలి. కుర్చీ ఎవరింట్లో ఉందో, ఆ కుర్రాళ్లెవరో పై వాటా వదినగారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.