మిల్లూ బడే... కాలువా బడే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్ల నడుమ నీడలు కొలవొచ్చు, రాళ్ల వయసు అడగొచ్చు, వడ్లగింజ వెనక ఉన్న నోబెల్ కథ చెప్పొచ్చు. కావలసిందల్లా ఒక ఆదివారం, ఒక నోట్‌బుక్, అడిగిన ప్రశ్నను విసుక్కోకుండా వినే అమ్మానాన్నలు.

పిల్లలకు సైన్స్ చూపించాలంటే మన వైపు తల్లిదండ్రులకు ముందుగా గుర్తొచ్చేది హైదరాబాద్. బిర్లా ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం, అక్కడి డైనోసార్ అస్థిపంజరం ప్రతి పిల్లా పిల్లవాడూ చూడాల్సినవే. అయితే ఆ ప్రయాణం ఏడాదికి ఒకసారి. మిగతా ఆదివారాలు సెల్‌ఫోన్ ముందో, ట్యూషన్‌లోనో గడిచిపోతున్నాయి. పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియకు పది మార్కుల జవాబు రాసే పిల్లలు, ఇంటి పక్క పొలంలో వరి ఎప్పుడు పొట్టకొస్తుందో చెప్పలేకపోతున్నారు. ఆ తప్పు పిల్లలది కాదు. వాళ్లను అక్కడికి తీసుకెళ్లినవాళ్లు లేరు.

ఇంటి దగ్గర చేయించదగిన ప్రయోగాలు, ఒక పూటలో వెళ్లి రాదగిన చోట్లు కలిపి చూస్తే, ఈ మూడు ఊళ్ల పిల్లలకు ఉన్నంత పెద్ద ప్రయోగశాల చాలా నగరాల పిల్లలకు కూడా లేదు.

నీడ మాయమయ్యే మధ్యాహ్నం

రోజూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడని చాలామంది అనుకుంటారు. నిజానికి మన ప్రాంతంలో అది ఏడాదికి రెండుసార్లే జరుగుతుంది. మిర్యాలగూడలో మే 7 ప్రాంతంలో, కోదాడ, సూర్యాపేటల్లో మే 8 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాల వేళ నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ కనిపించదు. మళ్లీ ఆగస్టు 4 ప్రాంతంలో సూర్యాపేటలో, 5 ప్రాంతంలో కోదాడ, మిర్యాలగూడల్లో దాదాపు 12 గంటల 18 నిమిషాలకు ఇదే జరుగుతుంది. మధ్యలోని మూడు నెలలూ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరం వైపు.

ఉత్తర దక్షిణాలుగా కొలిస్తే మిర్యాలగూడకూ సూర్యాపేటకూ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తిన నిలిచే గీత కూడా రోజుకు దాదాపు అంతే దూరం ఉత్తరానికి జరుగుతుంది. అంటే మనం బస్సులో ఓ గంటలో దాటే దూరం దాటడానికి సూర్యుడికి ఒక రోజు పడుతుంది. ఇది విన్న పిల్లవాడు కర్ర పాతకుండా ఊరుకోడు.

ఆదిలాబాద్‌లో చుట్టాలుంటే ఇంకో అడుగు వెయ్యొచ్చు. మిర్యాలగూడలో నీడ మాయమైన రోజున, ఆదిలాబాద్‌లో మిట్టమధ్యాహ్నం మీటరు కర్రకు సుమారు 5 సెంటీమీటర్ల నీడ ఉంటుంది. కాగితం మీద బొమ్మ గీసి కొలిస్తే, కర్రకూ సూర్యకిరణానికీ మధ్య కోణం దాదాపు 2.8 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 310 కిలోమీటర్లు. 360ని 2.8తో భాగించి, వచ్చినదాన్ని 310తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులోని సైయీన్, అలెగ్జాండ్రియా నగరాల మధ్య చేసిన లెక్క ఇదే. రెండు కర్రలు, ఒక ఫోన్ కాల్‌తో మన పిల్లలు భూగోళాన్నే కొలుస్తారు.

వడ్లగింజలో నోబెల్ కథ

తేలిక సంగతిని 'వడ్లగింజలో బియ్యపుగింజ' అంటాం. మిర్యాలగూడ పిల్లలకు ఆ గింజలో ఒక ఏడాదికి సరిపడా పాఠం ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వరి, ఆ వరి చుట్టూ పెరిగిన రైస్ మిల్లులే ఈ ఊరి పేరును దేశమంతా వినిపించాయి.

ముందు ఇంట్లో మొదలుపెట్టండి. పిల్లల చేతికి గుప్పెడు వడ్లిచ్చి పొట్టు ఒలవమనండి. ఊక, తవుడు పొర, బియ్యం, మొలకెత్తే చిన్న కన్ను వేరువేరుగా చూపండి. తర్వాత తెలిసిన మిల్లు యజమానిని అడిగి, ఒక పెద్దమనిషి తోడుగా లోపలికి తీసుకెళ్లండి. వంద కిలోల వడ్లు ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు రావాలన్నది ప్రభుత్వ సేకరణ లెక్క. మరి మిగిలింది ఎక్కడికి పోయింది? ఊక బాయిలర్ పొయ్యిలోకి, తవుడు నూనె తీసే ఫ్యాక్టరీకి, నూకలు, పరం పశువులకూ కోళ్లకూ. పిల్లలు ఆ లెక్క తామే కూడి చూసుకోవాలి.

ఉప్పుడు బియ్యం ఎందుకు చేస్తారని అడగనివ్వండి. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడు పొరలో ఉన్న బి విటమిన్లలో కొంత గింజలోకి ఇంకుతుంది. గింజ గట్టిపడి మరలో తక్కువగా విరుగుతుంది. ఈ తవుడు సంగతి మొదట పట్టిచ్చినవి కోళ్లు. 1890లలో నేటి ఇండొనేషియాలో పనిచేసిన డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడుతో ఉన్న బియ్యం పెడితే కోలుకోవడం గమనించాడు. మనుషుల్లో బెరిబెరి జబ్బుకు కారణం అలా తెలిసింది. విటమిన్లనే ఊహకు దారి తీసిన ఆ పనికి 1929లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మిర్యాలగూడ మిల్లు గుమ్మంలో నిలబడి ఈ కథ చెబితే పిల్లలు మరిచిపోరు.

ఇంటికి వచ్చాక చల్లారిన గంజిలో రెండు చుక్కల బెటాడిన్ వెయ్యండి. నీలం నలుపు రంగు వస్తుంది. అది పిండిపదార్థం ఉన్నట్టు గుర్తు. బంగాళదుంప, దోసకాయ, పెసరపప్పు, అరటిపండు ముక్కల మీద కూడా వేసి, ఏది రంగు మారుతుందో ముందే ఊహించి రాయమనండి. పరీక్షకు వాడినవి నోట్లో పెట్టుకోకూడదని గట్టిగా చెప్పండి.

రాయి సున్నమై, సున్నం రాయై

కోదాడ నుంచి మేళ్లచెరువు, మఠంపల్లి వైపు వెళ్తే సిమెంటు ఫ్యాక్టరీలు వరుసగా కనిపిస్తాయి. అవి అక్కడే ఎందుకు వెలిశాయి? కాళ్ల కింద సున్నపురాయి ఉంది కాబట్టి. యాభై కోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న పొరలే ఈ రాళ్లు. సూర్యాపేట చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు ఇంకా పాతవి, వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒక పూట ప్రయాణంలో పిల్లలు రెండు యుగాలు దాటుతారు.

దారిలో దొరికిన రాళ్లు రెండు రకాలవి తెచ్చి నిమ్మరసం పిండండి. సున్నపురాయి మీద బుడగలు వస్తాయి, గ్రానైట్ మీద రావు. నిమ్మరసం చాలకపోతే రాతిని పొడి చేసి వెనిగర్ వాడండి. ఫ్యాక్టరీలో సున్నపురాయిని బంకమట్టితో కలిపి 1,450 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. అప్పుడు రాతిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. సిమెంటు తయారీ వల్ల భూమి వేడెక్కుతోందని వార్తల్లో చదివేది ఈ గాలి గురించే.

దీన్ని తిరగేసి కూడా చూపొచ్చు. తాంబూలపు సున్నం చిటికెడు నీళ్లలో కలిపి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పైన తేరిన నీటిని గ్లాసులోకి వంచి, స్ట్రాతో మెల్లగా ఊదమనండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి మళ్లీ సున్నపురాయి పొడిగా మారింది. సున్నం కళ్లకూ నోటికీ ప్రమాదం కాబట్టి నీళ్లు పీల్చకుండా ఊదడం మాత్రమే చెయ్యాలి, పెద్దలు పక్కనే ఉండాలి.

కొండ ఒక రాయి, శిల్పం ఇంకో రాయి

ఈ రాళ్ల పాఠం సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఫణిగిరిలో చరిత్రతో కలుస్తుంది. అక్కడి కొండ గ్రానైటు. కొండ మీద బయటపడిన బౌద్ధ శిల్పాలు సున్నపురాయివి. మరి ఆ రాళ్లను ఎక్కడినుంచి, ఎలా తెచ్చారు? సున్నపురాయినే శిల్పులు ఎందుకు కోరుకున్నారు? మెత్తని రాయిలో సన్నని చెక్కడం తేలికన్న జవాబు పిల్లల నోటి నుంచే రానివ్వండి. ఇక్కడి తోరణ శిల్పం 2023లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లింది. 2024లో ఇదే చోట ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. శిల్పాల మీద నిమ్మరసం ప్రయోగాలు మాత్రం వద్దు, వాటిని చేత్తో కూడా తాకకూడదు.

సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల నాటి ఆలయాలున్నాయి. నామేశ్వరాలయంలోని స్తంభాలు తడితే స్వరాలు పలుకుతాయని ప్రసిద్ధి. రాయి ఎలా మోగుతుందో తెలియాలంటే స్తంభాలను కొట్టాల్సిన పని లేదు. ఇంట్లో స్టీలు గరిటెను దారం మధ్యలో కట్టి, దారం రెండు కొసలను చూపుడువేళ్లకు చుట్టి చెవుల్లో పెట్టుకుని, గరిటెను బల్లకు తగిలించమనండి. గుడిగంట మోగినట్టు వినిపిస్తుంది. గాలికంటే బిగువైన దారం ఆ కంపనాన్ని చెవికి బాగా చేరవేస్తుంది.

నీటి లెక్కలు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పేపర్లో రోజూ కనిపించే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. క్యూసెక్ అంటే సెకనుకు 28.3 లీటర్లు. ఇంట్లో బకెట్ నిండడానికి పట్టే సెకన్లు కొలిస్తే ఈ మాటలకు ప్రాణం వస్తుంది. ఎడమ కాలువ మీది వంతెన నుంచి ఎండుటాకు వదిలి, తెలిసిన దూరం దాటడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే నీటి వేగం వస్తుంది. కొలత వంతెన పిట్టగోడ వెనక నుంచే. కాలువ గట్టు దిగనివ్వొద్దు, ఏటా ఎన్నో ప్రాణాలు ఇలాగే పోతున్నాయి.

దామరచర్ల మండలం వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగును మోసుకుంటూ ఇక్కడికి చేరుతుంది. రెండు నదుల నీళ్లు రెండు సీసాల్లో తీసి, వెనక న్యూస్‌పేపర్ పెట్టి అక్షరాలు ఏ సీసాలోంచి బాగా కనిపిస్తున్నాయో చూడమనండి. వాసన, రంగు, అడుగున పేరుకున్న మట్టి రాసుకోమనండి. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి వెళ్తే తేడా తెలుస్తుంది.

నీటి గురించి మన జిల్లాల పిల్లలకు తప్పక చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. ఉమ్మడి నల్గొండ ఫ్లోరైడ్‌తో నలిగిన నేల. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చన్నది మన ప్రమాణం. అంతకు మించితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందించింది. ప్రపంచ పుస్తకాల్లో దాని పేరు 'నల్గొండ టెక్నిక్'. బురదనీళ్లు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో పటిక తిప్పి అరగంట ఆగితే ఆ పద్ధతిలోని మొదటి మెట్టు కనిపిస్తుంది. తేరిన నీళ్లలో ఫ్లోరైడ్ పోయిందనుకోకూడదు, అది తేల్చాల్సింది పరీక్షశాలే. కంటికి తేటగా కనిపించేదంతా మంచినీరు కాదన్నది ఈ ప్రయోగంలో పిల్లలు నేర్చుకునే అసలు పాఠం.

బడి మాన్పించాలా?

అక్కర్లేదు. బడికి వెళ్లే పిల్లలకైనా, ఇంట్లోనే చదివే పిల్లలకైనా ఈ పనులు ఒకటే. ఇంటి చదువు ఎంచుకున్న కుటుంబాలు మాత్రం కొన్ని సంగతులు తెలుసుకోవాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసింది, ఇంటి చదువు గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. సర్టిఫికెట్ కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నాయి. 14 ఏళ్లు నిండితే పదో తరగతి స్థాయి పరీక్ష రాయొచ్చు.

దారి చూపేవాళ్లు కూడా మనకున్నారు. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికను, చెకుముకి సైన్స్ సంబరాలను నడుపుతోంది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో సైన్స్ బొమ్మలు చేయడం నేర్పి 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. కుప్పంలోని అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వాహనాల్లో పల్లె బడులకే తీసుకెళ్తోంది. వసంతరావు వేంకటరావు, మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ తెలుగులో సైన్స్‌ను కథలా చెప్పారు. ఆ పుస్తకాలు ఇంట్లో ఉండాలి.

బయల్దేరే ముందు

- ఒక విహారానికి ఒక్క ప్రశ్నే పెట్టుకోండి. 'ఊక ఎటు పోతుంది?' అన్నది చాలు.
- చూడబోయే ముందు పిల్లల ఊహ రాయించండి. చూశాక అసలు సంగతి పక్కనే రాయించండి. ఊహ తప్పితే కొట్టివేయించొద్దు.
- టేపు, దారం, భూతద్దం, రెండు ఖాళీ సీసాలు, నీళ్లు, టోపీ సంచిలో ఉంచండి.
- మిల్లుకైనా ఫ్యాక్టరీకైనా అనుమతి లేకుండా వెళ్లొద్దు.
- మీకు తెలియని ప్రశ్న వస్తే 'ఇద్దరం కలిసి కనుక్కుందాం బిడ్డా' అనండి.

రెండు మూడు కుటుంబాలు కలిస్తే ఖర్చు తగ్గుతుంది, పిల్లల మధ్య వాదన పెరుగుతుంది. ఆ వాదనలోనే సైన్స్ ఉంది. కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలను కూడా మీ ఆటోలో ఎక్కించుకోండి. మిల్లు యజమానులు, ఫ్యాక్టరీల నిర్వాహకులు నెలకు ఒక పూట పిల్లల కోసం తలుపులు తెరవాలి. ఉపాధ్యాయులు ఆ నోట్‌బుక్‌లకు మార్కులు వెయ్యాలి. ఖరీదైన కిట్ల కోసం, పెద్ద నగరాల కోసం ఎదురుచూడనవసరం లేదు. వచ్చే ఆదివారం మీ పిల్లలను వెంటబెట్టుకుని మీ ఊరి మిల్లుకో, గుట్టకో, వాడపల్లి రేవుకో బయల్దేరండి.