కొత్త ఆపరేటింగ్ సిస్టంకు మారే ముందు తెలుగు వ్రాతలను కాపాడుకొందాం

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని మా ఇంట నాయనగారు తీరిక వేళల్లో మా వంశవృక్షాన్ని, పెండ్లిండ్ల, భూముల వివరాలను తెలుగులో కంప్యూటరుకు ఎక్కించి ఉంచారు. ఆయన గతించిన కొన్నాళ్ళకు ఆ ఫైళ్ళన్నిటినీ పెన్‌డ్రైవులోకి తీసుకొని, కొత్త ఆపరేటింగ్ సిస్టం ఉన్న యంత్రానికి మార్చాము. తెరచి చూస్తే ఒక్క తెలుగు అక్షరమూ కనబడలేదు. పుట నిండా పొంతన లేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు! ఫైళ్ళు పోలేదు, వాటిని తెలుగుగా చూపించే ఫాంటు మాత్రం పాత యంత్రంలోనే ఉండిపోయింది. అదృష్టవశాత్తు పాత హార్డ్‌డిస్కును పారవేయలేదు గనుక ఆ వ్రాతలు దక్కాయి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. విజయనగర, మదుర నాయక రాజుల కాలం నుండి కోయంబత్తూరు, మదుర ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారికైనా, సరిహద్దు గ్రామాల కుటుంబాలకైనా పరిస్థితి ఒకటే. ఇంట మాట తెలుగు, బడిలో చదువు తమిళం. 2006 నాటి చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తెలుగు వ్రాయగలిగిన పెద్దల చేతి వ్రాతలు ఒకసారి పోతే తిరిగి వ్రాసేవారు ఇంట ఉండకపోవచ్చు.

అక్షరాలు ఎందుకు మారిపోతాయి?

కంప్యూటరుకు అక్షరం అంటే ఒక సంఖ్య. పాత డీటీపీ ఫాంట్లలో ఆంగ్లాక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలను తొడిగేవారు. ఫైలులో దాగి ఉండేది ఆంగ్లాక్షరమే, పైన కనబడే వేషం తెలుగు. ఆ ఫాంటు లేని యంత్రంలో వేషం తొలగిపోతుంది. యూనికోడ్ పద్ధతిలో ప్రతి లిపి అక్షరానికి వేరు సంఖ్య ఉంటుంది. తెలుగు 'క' సంఖ్య 3093, తమిళ 'క' సంఖ్య 2965. అందువల్ల యూనికోడ్‌లో వ్రాసినది ఏ ఆధునిక యంత్రంలోనైనా తెలుగుగానే కనబడుతుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. అయినా చాలామంది అలవాటు కొద్దీ పాత ఫాంట్లనే కొనసాగించారు.

ఇప్పుడు మారవలసిన అవసరమేమి?

2015లో వచ్చిన విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 గడువుతో అదనపు భద్రతా పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. అటువంటి యంత్రంతో బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు.

విండోస్ 11కు మారవలెనంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వస్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, అనుమతి పొందిన ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావరకు 8వ తరం, ఆపై వాటికే అర్హత ఉంది. మైక్రోసాఫ్ట్ వారి 'పీసీ హెల్త్ చెక్' అనే ఉచిత సాధనంతో మీ యంత్రాన్ని పరీక్షించుకోవచ్చు.

అర్హత లేని యంత్రాన్ని వెంటనే మూలన పెట్టనక్కరలేదు. లినక్స్ ఉచితంగా లభిస్తుంది. వాటిలో లినక్స్ మింట్‌కు 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం కనీస అవసరం. 4 జీబీ ర్యామ్ ఉంటే సుఖంగా నడుస్తుంది. అయితే దుకాణపు లెక్కలకు టాలీ వంటి విండోస్ సాఫ్ట్‌వేరు వాడేవారు లినక్స్‌కు మారే ముందు బాగా ఆలోచించుకోవాలి.

మార్పు చేయవలసిన క్రమం

1. ముందుగా ఫైళ్ళన్నిటినీ వేరు హార్డ్‌డిస్కులోకి ప్రతి తీయండి. పాత ఫాంట్లను కూడా వాటితో పాటు భద్రపరచండి. మేము మరచినది ఇదే.

2. పాత యంత్రం పని చేస్తుండగానే ముఖ్యమైన తెలుగు పత్రాలను పీడీఎఫ్‌గా మార్చండి. ఫాంటు అందులోనే ఇమిడి ఉంటుంది గనుక రూపం చెడదు. ఒక ప్రతిని కాగితంపై కూడా ముద్రించుకోండి.

3. ఆ తరువాత పాత ఫాంటు వ్రాతను కన్వర్టర్ సాయంతో యూనికోడ్‌లోకి మార్చండి. ఒత్తులు, ముఖ్యంగా రవత్తు, తారుమారయ్యే అవకాశం ఉంది. అసలు ప్రతితో పోల్చి దిద్దుకోండి. పేర్లు, సర్వే నంబర్లు, తేదీలను రెండుసార్లు చూడండి.

4. లినక్స్‌ను పెన్‌డ్రైవు నుండే నడిపి చూడవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవు చాలును. దానిలోని పాత సమాచారం చెరిగిపోతుందని మరువవద్దు. ఇన్‌స్టాల్ చేయనంత వరకు హార్డ్‌డిస్కులోని విండోస్ అలాగే ఉంటుంది. ప్రింటరు, వైఫై, శబ్దం, తెలుగు టైపింగు పని చేస్తున్నవో లేదో కొన్ని దినాలు పరీక్షించండి.

5. అన్నీ సరిపోయిన తరువాతనే మారండి. పాత డిస్కును కనీసం ఆరు నెలలు దాచి ఉంచండి.

టైపింగు గురించి ఒక మాట. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ భాషలన్నిటికీ ఒకే ధ్వనికి సాధారణంగా ఒకే మీట ఉంటుంది. తెలుగు 'క', తమిళ 'క' రెండూ ఒకే చోట. తమిళనాడులో వాడుకలో ఉన్న తమిళ్99 అమరిక దీనికి భిన్నం. ఆంగ్లాక్షరాలతో ధ్వనిని బట్టి తెలుగు వ్రాసే కీబోర్డు 2019 నుండి విండోస్ 10లోనే వచ్చింది. తెలుగు చదవడం నేర్చిన పిల్లలు దీనిని త్వరగానే పట్టుకొంటారు.

మా ఇంట ఆ దిద్దుబాటుకు రెండు నెలలు పట్టింది. తమిళ బడిలో చదివిన మా అమ్మాయి ఒక్కొక్క పేరు పైకి చదువుతుండగా అవ్వ తప్పులు చెప్పేది. యంత్రాన్ని మార్చడం ఒక పూట పని. ఇంటి పెద్దల జ్ఞాపకశక్తి బాగున్నప్పుడే ఈ దిద్దుబాటు పూర్తి చేసుకోవడం మంచిది.