ఈ ఆదివారం వాక్యం ఎవరు ఎంచారు?

2025 మార్చి 2న పాతబస్తీలో తొలి రోజా. మూడు రోజులకే, మార్చి 5న, క్రైస్తవులకు విభూది బుధవారం. మక్కా మసీదు పరిసరాల్లో ఇఫ్తార్ హడావిడి మొదలైన ఆ వారంలోనే, మూసీకి ఉత్తరాన గన్‌ఫౌండ్రీలో 1875 క్రిస్మస్ నాడు ప్రారంభమైన సెయింట్ జోసఫ్ కెథడ్రల్‌కు తపస్సు కాలం వచ్చింది. తర్వాతి ఆదివారం చదవాల్సిన సువిశేషం లూకా నాలుగో అధ్యాయం. యేసు ఎడారిలో నలభై రోజులు ఏమీ తినకుండా ఉంటాడు. ఆకలి దంచేస్తున్న సమయంలో శోధకుడు వచ్చి రాళ్లను రొట్టెలు చేసుకొమ్మంటాడు. ఊరంతా ఉపవాసాల్లో ఉన్న వేళ ఉపవాసం కథే రావడం చూసి, గురువుగారు సమయం కనిపెట్టి ఎంచుకున్నారేమో అనిపిస్తుంది. ఆయన ఎంచుకోలేదు. ఆ రోజు మనీలాలోనూ నైరోబీలోనూ రోమ్‌లోనూ కతోలిక పూజల్లో చదివింది అదే.

క్రైస్తవ ప్రసంగంలో ఇది బయటివారికి అంతగా తెలియని విషయం. కతోలిక, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ వంటి సంఘాల్లో ఏ ఆదివారం బైబిలులో ఏ భాగం చదవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. బోధకుడికి నచ్చినా నచ్చకపోయినా ఆ భాగం మీదే మాట్లాడాలి. బోధకుణ్ణి తన ఇష్టాయిష్టాల నుంచి, సంఘాన్ని బోధకుడి ఇష్టాయిష్టాల నుంచి కాపాడేది ఈ కట్టుబాటే. పాడిందే పాడకుండా, వినాల్సినవి కూడా వినిపించే ఏర్పాటు ఇది.

ఆ ఏర్పాటుకు ఆధారం ఆరాధనా సంవత్సరం. అది జనవరితో మొదలవదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంతో మొదలవుతుంది. తర్వాత క్రీస్తు జయంతి, జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ, సీఎస్ఐ వాళ్లు శ్రమల కాలమనీ కతోలికులు తపస్సు కాలమనీ పిలిచే నలభై రోజులు, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, ఆరోహణం, పెంతెకొస్తు. మిగిలిన నెలలన్నీ సామాన్య కాలం. మందిరంలో ఆరాధన బల్ల మీది గుడ్డ రంగు చూస్తే చాలు, ఏ కాలమో తెలిసిపోతుంది: ఎదురుచూపుకూ పశ్చాత్తాపానికీ ఊదా, పండుగకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, సామాన్య కాలానికి ఆకుపచ్చ.

ఈస్టర్ తేదీకి చంద్రుడితో సంబంధం ఉంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. కాబట్టి అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యనే తిరుగుతుంది. రంజాన్‌కు ఆ హద్దు లేదు. అధిక మాసం లేని పూర్తి చాంద్రమానం కనుక ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. అందుకే రోజా, క్రైస్తవ ఉపవాసం ఇలా కలిసి రావడం కొన్ని ఏళ్ల ముచ్చటే. ఆ ఏళ్లలో హైదరాబాద్‌లో ప్రసంగం చెప్పేవారు పక్కింటి ఉపవాసాన్ని చూడకుండా తమ ఉపవాసం గురించి మాట్లాడితే అది సగం ప్రసంగమే.

కతోలికుల పఠనాల పట్టిక ఇప్పటి రూపానికి వచ్చింది 1969లో. అంతకుముందు ఆదివారం పూజలో లేఖ ఒకటి, సువిశేషం ఒకటి లాటిన్‌లో చదివేవారు. ఏటా అవే తిరిగి వచ్చేవి. పాత నిబంధన ఆదివారాల్లో దాదాపు వినిపించేదే కాదు. రెండో వాటికన్ మహాసభ 1963లో లేఖన భాండారాన్ని ప్రజలకు విరివిగా తెరవాలని తీర్మానించాక మూడేళ్ల చక్రం వచ్చింది. మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా. యోహాను సువిశేషానికి విడిగా ఏడాది లేదు. తపస్సు కాలంలో, ఈస్టర్ రోజుల్లో ఎక్కువగా వినిపిస్తుంది. ఆదివారానికి మూడు పఠనాలు, మధ్యలో ఒక కీర్తన. అదే చట్రం మీద 1992లో ప్రొటెస్టంట్ సంఘాలు పలు దేశాల్లో వాడే ఉమ్మడి పట్టిక తయారైంది.

ఇక్కడ బోధకులు తరచూ పడే చిక్కు ఒకటుంది. సామాన్య కాలంలో మొదటి పఠనాన్ని సువిశేషానికి జోడీగా ఎంచి పెట్టారు. రెండోది మాత్రం ఏదో ఒక లేఖను వారం వారం వరుసగా చదువుకుంటూ పోతుంది, దానికి మిగతా రెండింటితో పని లేదు. ఇది పట్టించుకోకుండా మూడింటినీ బలవంతంగా ముడిపెట్టబోతే ఏ ఒక్కటీ జనానికి అందదు. ఒక్క భాగాన్ని పట్టుకుని లోతుకు వెళ్లినవారి మాట గుర్తుండిపోతుంది. పోప్ ఫ్రాన్సిస్ 2024 జూన్‌లో గురువులకు ఇంకో హద్దు పెట్టారు: ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటొద్దు, దాటితే జనం నిద్రపోతారు. మన దగ్గర గంట ప్రసంగానికి అలవాటుపడిన సంఘాలకు ఇది వింతగా తోచవచ్చు. కానీ ఎనిమిది నిమిషాల్లో ఒక్క విషయం చెప్పాలంటే గంట ప్రసంగం కంటే ఎక్కువ సిద్ధపడాలి.

చదవడం, చదివినదాన్ని విప్పి చెప్పడం చాలా పాత పద్ధతి. యెరూషలేములో ఎజ్రా ధర్మశాస్త్రాన్ని జనం ముందు చదివించి అర్థం చెప్పించిన సంగతి నెహెమ్యా గ్రంథంలో ఉంది. యేసు కూడా నజరేతు సమాజమందిరంలో తన చేతికిచ్చిన యెషయా గ్రంథం చుట్ట విప్పి చదివాకే మాట్లాడాడు. దీన్ని కాదన్నవారూ ఉన్నారు. 1519 జనవరి 1న జ్యూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ పట్టికను పక్కన పెట్టి మత్తయి సువార్తను మొదటి అధ్యాయం నుంచి వరుసగా బోధించడం మొదలుపెట్టాడు. జెనీవా నుంచి 1538లో బహిష్కరణకు గురైన మరో సంస్కర్త కాల్విన్ 1541లో తిరిగి వచ్చాక, ఏమీ జరగనట్టు, తాను ఆపిన చోటి నుంచే ప్రసంగం అందుకున్నాడు. పుస్తకం వరుస తప్పకపోవడం కూడా ఒక కట్టుబాటే. మన బాప్టిస్టు సంఘాలూ, కొత్తగా పెరిగిన స్వతంత్ర సంఘాలూ అంశాన్ని బోధకుడికే వదిలేస్తాయి. అక్కడ బోధకుడు ఎంత చదివాడన్న దాని మీదే అంతా నిలబడుతుంది.

హైదరాబాద్ సీఎస్ఐ సంఘాలు మెదక్ డయోసిస్ కిందికి వస్తాయి. సీఎస్ఐ పాలక సభ అయిన సినడ్ ఏటా వేసే ఆల్మనాక్‌లో ప్రతి ఆదివారానికీ ఒక అంశం, దానికి తగ్గ పాత నిబంధన, లేఖ, సువార్త భాగాలు ఉంటాయి. ఇందులో మన నేల వాసన కూడా ఉంది. నవంబరు రెండో ఆదివారాన్ని దళిత విమోచన ఆదివారంగా పాటిస్తారు. పంట ఇంటికొచ్చాక జరిపే కోత పండుగ ఏ రోమన్ పట్టికలోనూ లేదు, తెలుగు పల్లె సంఘాల్లో మాత్రం అది క్రిస్మస్‌తో సమానం. బిషప్ అజరయ్య డోర్నకల్‌లో కట్టించిన కెథడ్రల్‌కు జ్ఞానుల దర్శన పండుగ పేరే పెట్టి, 1939లో ఆ పండుగ రోజైన జనవరి 6నే ప్రతిష్ఠించారు. మెదక్ కెథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. అక్కడి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. చదువు రానివారికి కూడా ఏడాది పొడవునా వినే ప్రసంగాల సారం ఆ గాజు మీద ఉంది.

తెలుగు ప్రొటెస్టంట్లు ఏ పట్టికా చూడకుండానే పాటించే ప్రసంగాల వరుస గుడ్ ఫ్రైడేది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. అయ్యగారు ఒక్కరే చెప్పరు. ఒక మాట స్త్రీల సమాజం నుంచి, ఒకటి యువకుల నుంచి, ఒకటి పెద్దల నుంచి పంచుకుంటారు. మార్చి చివర్లోనో ఏప్రిల్ ఎండల్లోనో, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు పట్టే హాల్లో, దాహం గురించిన అయిదో మాటకు వచ్చేసరికి దాన్ని పెద్దగా వివరించే పనుండదు. ఈ మూడు గంటల ఆరాధనకు మొదలు ఎక్కడో దక్షిణ అమెరికాలో ఉంది. పెరూలోని లిమాలో అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు దీన్ని ప్రారంభించాడని చెబుతారు. కతోలిక గురువు ఆరంభించినదాన్ని తెలుగు ప్రొటెస్టంట్లు తమదిగా చేసుకుని ఇంత శ్రద్ధగా నిలబెట్టుకోవడం ఎంతో ముచ్చటైన విషయం.

పట్టిక తెచ్చే కలయికలు ఒక్కోసారి ఆశ్చర్యపరుస్తాయి. 2026 మార్చి 8 తపస్సు కాలంలో మూడో ఆదివారం. మత్తయి సంవత్సరం కాబట్టి ఆ రోజు యోహాను సువిశేషంలోని సమరయ స్త్రీ కథ. మిట్టమధ్యాహ్నం బావి దగ్గర యేసు ఒక అంటరాని జాతి స్త్రీని నీళ్లు అడుగుతాడు, ఆమె కడవలోంచి తాగడానికి సిద్ధపడతాడు. ఆ తేదీ అంతర్జాతీయ మహిళా దినోత్సవం, పైగా రంజాన్ నెల. ఊరి బావి దగ్గర తాతముత్తాతలను దూరంగా నిలబెట్టిన కుటుంబాలవారు ఆ మందిరాల్లో ఎందరో కూర్చుంటారు. వాళ్లకు ఈ కథలో రెండు వేల ఏళ్ల దూరం కనిపించదు. కవి గుర్రం జాషువా అదే అనుభవం లోంచి వచ్చి 'క్రీస్తు చరిత్ర' రాసి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఇక పట్టిక వదిలేసినవి. హాగరు కథ కతోలికుల ఆదివారాల్లో రాదు. మామూలు రోజుల పూజల్లో, అదీ రెండేళ్లకోసారి వస్తుంది. ప్రొటెస్టంట్ల ఉమ్మడి పట్టికలో మత్తయి సంవత్సరంలో ఒక ఆదివారం చదువుకునే వీలుంది. అబ్రాహాము ఇంటి నుంచి గెంటేసిన దాసి, తిత్తిలో నీళ్లు అయిపోతే బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేక బాణం వేసినంత దూరం వెళ్లి కూర్చుని ఏడుస్తుంది. దేవుడు ఆమె కళ్లు తెరిచాక బావి కనబడుతుంది. చార్మినార్ చుట్టుపక్కల ఈ తల్లి తెలియని ఇల్లు ఉండదు. ఆమె హజ్రత్ హాజిరా, బిడ్డ ఇస్మాయిల్. హజ్ యాత్రికులు సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు నడిచేది ఆమె నీటి కోసం పడిన పరుగును తలచుకునే. జమ్‌జమ్ నీళ్లు సీసాల్లో హైదరాబాద్ ఇళ్లకు చేరేది ఆ కథతోనే. రెండు గ్రంథాల కథనాల్లో తేడాలున్నాయి, వాటిని దాచనక్కర్లేదు. అయినా పొరుగువారితో పంచుకోగలిగిన ఇంత పెద్ద కథ ఆదివారం సంఘానికి వినిపించకపోవడం నష్టమే, ముఖ్యంగా ఈ ఊళ్లో. 1930లో లాహోర్‌లో మొదలై 1971లో హైదరాబాద్ చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ శివరాంపల్లిలో ఉంది. క్రైస్తవ బోధకులు ఇస్లాంను గౌరవంగా చదువుకునే చోటు ఇంత దగ్గరలో ఉన్న నగరాలు మన దేశంలో ఎక్కువ లేవు.

2026 నవంబరు 29న ఆగమన కాలంతో మార్కు సంవత్సరం మొదలవుతుంది. మార్కు సువిశేషం చిన్నది, ఏడాదికి చాలదు. ఆ లోటు పూడ్చడానికి మధ్యలో అయిదు ఆదివారాలు యోహాను ఆరో అధ్యాయం పెట్టారు: అయిదు రొట్టెలతో అయిదు వేల మంది తిన్న కథ, దాని వెంట జీవాహారం గురించిన సుదీర్ఘ సంభాషణ. వరసగా అయిదు వారాలు రొట్టె మీదే కొత్త మాట చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. 2027లో అది జులై 25న మొదలవుతుంది. నాలుగో వారం ఆగస్టు 15. ఆ రోజు కతోలికులకు మరియమ్మ మోక్షారోపణ పండుగ కాబట్టి వరుస ఆగుతుంది, మరియమ్మ స్తోత్రం ఉన్న లూకా మొదటి అధ్యాయం చదువుతారు. గద్దెల మీది బలవంతులను దింపి, ఆకలిగొన్నవారి కడుపు నింపే దేవుణ్ణి కీర్తించే పాట అది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు, జెండా ఎగరేసి వచ్చిన సంఘం ముందు, గన్‌ఫౌండ్రీలో గురువుగారు మాట్లాడాల్సింది దాని మీదే.